టెక్సాస్ ఎండల్ల వర్ట్ తొందరగా చల్లార్చుడెట్ల?

ప్రశ్న: కరీంనగర్ కెటిల్ (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికి నమస్తే. ఇంట్ల బీరు కాసేటోళ్లు ఇక్కడ మస్తు మంది ఉన్నరని చూసి అడుగుతున్న.

నాది 5 గ్యాలన్ల బ్యాచ్. కొత్తోళ్లకు: వర్ట్ అంటే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నానబెట్టి తీసిన తీపి నీళ్లు, కాసి చల్లార్చి ఈస్ట్ వేస్తే బీరైతది. ఇంటెనక ప్యాటియో మీద ప్రొపేన్ బర్నర్, 8 గ్యాలన్ల స్టీల్ కెటిల్. చల్లార్చుడానికి 25 అడుగుల రాగి ఇమ్మర్షన్ చిల్లర్ (వర్ట్‌ల ముంచే పైపు చుట్ట, కాయిల్) ఉన్నది, 3/8 అంగుళం పైపు. గోడకున్న నల్లాకు గార్డెన్ హోస్ తగిలించి నీళ్లు వదులుత. డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లనే చెప్తున్న.

చలికాలంల ఏ లొల్లి లేకుండె. అరగంట తిరగకముందే 66కి వచ్చేది, ఈస్ట్ వేసి లోపటికి పోయేటోన్ని. ఇప్పుడు ఆగస్టుల గంట దాటినా 95 కాడ్నే కూసుంటున్నది, కిందికి దిగుతనే లేదు. అనుమానమొచ్చి నల్లా నీళ్లల్ల థర్మామీటర్ పెట్టి చూసిన: 86! ఇగ చేసేదేం లేక మూత పెట్టి, పొద్దటిదాక ఉంచి ఈస్ట్ వేస్తున్న. పోయినసారి పిల్స్‌నర్ మాల్ట్‌తోని చేసిన బ్లాండ్ ఏల్ ఉడకబెట్టిన మక్కకంకి వాసన కొట్టింది. దానికి దీనికి సంబంధం ఉన్నదా?

ఆన్‌లైన్ల 30 ప్లేట్ల చిల్లర్ (రేకుల సందుల్లకెల్లి వర్ట్, నీళ్లు పారేటిది) ఒకటి చూసి పెట్టుకున్న. అది కొనాల్నా, 50 అడుగుల కాయిల్ కొనాల్నా, లేకుంటే సక్కగ వర్ట్‌లనే ఐసు వెయ్యాల్నా? కెటిల్‌ను ఐసుల కూసోబెట్టమని ఒకరు చెప్పిన్రు గని మా ఇంటామె బాత్‌టబ్ ముట్టనియ్యదు, అది ముందే చెప్తున్న.

జవాబు: రెయిన్‌సిటీ బాబు (బోథెల్, వాషింగ్టన్)

మాకు సియాటిల్ పక్కన నల్లా నీళ్లు కొండల మీంచి వస్తాయి బ్రదర్. ఎండాకాలంలో కూడా మీ అంత వేడెక్కవు. కాయిల్ వేసి, కాఫీ తాగి వచ్చేసరికి అయిపోతుంది. సారీ, మీకు పనికొచ్చే సలహా కాదని తెలుసు. ఆగస్టులో కాయడం ఆపేసి నవంబర్‌లో మొదలుపెట్టండి అనబోయి ఆగాను.

జవాబు: గోదారి బీటీయూ (కేటీ, టెక్సాస్)

ముందు ఆ ప్లేట్ చిల్లర్‌ని కార్ట్‌లోంచి తీసెయ్యండి. ఇబ్బంది మీ చిల్లర్‌ది కాదండి, నీళ్లది.

నేను పొట్టకూటికి చేసేది హీట్ ఎక్స్‌ఛేంజర్ల పనే. పగలు రిఫైనరీ వాళ్లకి, శనివారాలు మా గ్యారేజీలో నాకు. సూత్రం రెండు చోట్లా ఒకటే. 86 డిగ్రీల నీళ్లు పోసి దేన్నీ 86 కిందకి దించలేరు. పాతిక అడుగుల కాయిలైనా, యాభై అడుగులైనా, ముప్పై ప్లేట్లైనా, వెండితో చేయించినా అంతే. ప్లేట్ చిల్లర్ కొంటే మీరు 88 దగ్గరికి త్వరగా చేరతారు. చేరి అక్కడే కూర్చుంటారు.

95 దగ్గర ఎందుకు ఆగిపోయినట్టుంటుందో కూడా చూడండి. వేడి పోయే జోరు తేడాని బట్టి ఉంటుంది. మంట ఆపిన క్షణంలో వర్ట్ 212, నీళ్లు 86, తేడా 126. వర్ట్ 95కి వచ్చాక తేడా 9. అంటే మొదట్లో పోయిన జోరులో పద్నాలుగో వంతు. మీ కాయిల్ పని మానేయలేదు, దానికి పట్టుకెళ్లడానికి ఏమీ దొరకట్లేదు.

ఇప్పుడు లెక్క. 5 గ్యాలన్ల వర్ట్ సుమారు 44 పౌండ్లు. నీళ్లలాగే అనుకుందాం, పౌండుకి డిగ్రీకి 1 బీటీయూ (వేడిని కొలిచే లెక్క). 212 నుంచి 100 దాకా దించడానికి 4,900 బీటీయూలు తీయాలి. 100 నుంచి 66 దాకా 1,500 చాలు. మొత్తం వేడిలో ముప్పావు వంతుని మీ నల్లా నీళ్లే మోసుకుపోతాయి, ఎంత వెచ్చగా ఉన్నా సరే. ఆ చివరి పావు వంతుకే ఐసు కావాలి.

పౌండు ఐసు కరుగుతూ 144 బీటీయూలు మింగుతుంది. 1,500కి పదిన్నర పౌండ్లు. కూలర్‌లో ముందుగా పోసే రెండు గ్యాలన్ల నల్లా నీళ్లు కూడా చల్లబడాలి కదా, వాటికి ఇంకో ఐదు. మిగిలింది గొట్టాలకీ ఎండకీ. మొత్తానికి 20 పౌండ్ల బ్యాగు ఒకటి సరిపోతుంది. అదే ఐసుని మంట ఆపిన దగ్గర్నుంచే వాడితే ఇంకో 34 పౌండ్లు తగలేస్తారు. చాలామంది చేసేది అదే. ఐసు పెట్టి మరీ 200 డిగ్రీల వర్ట్‌ని చల్లారుస్తారు, ఎండిపోయిన మొక్కని వదిలేసి పచ్చగా ఉన్నదానికి నీళ్లు పోసినట్టు.

కొనాల్సింది ఒక చిన్న పంపు. కొలనుల్లో, ఫౌంటెన్లలో నీళ్లలో ముంచి పెట్టే రకం. పిక్నిక్ కూలర్ మీ ఇంట్లో ఉండే ఉంటుంది. పద్ధతి ఇదీ:

హోస్‌లో ఎండకి మరిగి ఉన్న నీళ్లని ముందు బయటికి వదిలేయండి. ఎండలో పడున్న హోస్‌లోంచి మొదట వచ్చేవి 86 కాదు, చెయ్యి కాల్తుంది. వర్ట్ మరుగుతుండగానే, ఆఖరి పదిహేను నిమిషాలు ఉందనగా కాయిల్‌ని దాంట్లో దించండి, క్రిములు చస్తాయి. మంట ఆపి నల్లా తిప్పండి. 100కి వచ్చేదాకా నల్లా నీళ్లే. తర్వాత నల్లా కట్టేసి, ఆ కొసని పంపుకి తగిలించండి. పంపు కూలర్ అడుగున, ఐసు నీళ్లలో. కాయిల్‌లోంచి మొదట వచ్చే గ్యాలనో రెండో పెరట్లోకి పోనివ్వండి, అవి ఇంకా వెచ్చగా ఉంటాయి. ఆ తర్వాత రెండో కొసని కూలర్‌లోకే తిప్పేయండి. అదే నీరు తిరుగుతూ ఉంటుంది.

దీనికన్నా ముఖ్యమైనది, పైసా ఖర్చు లేనిది ఇంకోటుంది. కలపడం. కాయిల్ వేసి కుర్చీలో కూర్చోకండి. నీళ్లు బయటికొచ్చే హోస్‌ని చేత్తో పట్టుకోండి. రెండు మూడు నిమిషాలకి అది గోరువెచ్చగా అయిపోతుంది, వర్ట్ చల్లారిపోయిందనుకుంటారు. చల్లారలేదు. కాయిల్ చుట్టూ వేలెడు మందాన ఉన్న వర్ట్ మాత్రమే చల్లబడి, దుప్పటిలా చుట్టుకుని ఉంది. మధ్యలోదీ అంచుల్లోదీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. అప్పుడు కాయిల్‌ని పట్టుకుని మెల్లగా కిందికీ పైకీ ఆడించండి, లేకపోతే శానిటైజ్ చేసిన పొడవాటి గరిటెతో తిప్పండి. మీ చేతిలో ఉన్న హోస్ ఒక్కసారిగా వేడెక్కి వదిలేయాల్సొస్తుంది. అదీ గుర్తు. బయటికొచ్చే నీళ్లు వేడిగా ఉన్నంతసేపూ మీ పని జరుగుతున్నట్టు. ఈ ఒక్కటీ చేస్తే మీ 25 అడుగుల కాయిలే చాలు, 50 అడుగులది అక్కర్లేదు.

మంట ఆపి నల్లా తిప్పగానే కాయిల్‌లోంచి వచ్చే వేడి నీళ్లని గడ్డి మీదకి వదలకండి, మాడిపోతుంది. బకెట్లలో పట్టుకుంటే మ్యాష్ టన్ (మాల్ట్ నానబెట్టే పాత్ర) కడగడానికి పనికొస్తాయి, వేడి నీళ్లు విడిగా కాచుకోనక్కర్లేదు.

ఇంకో మాట. హోస్‌నీ కాయిల్‌నీ కలిపే క్లాంపు కెటిల్‌కి సరిగ్గా పైన ఉండకూడదు. బొట్టు బొట్టుగా కారితే ఆ బొట్లు చల్లారిన వర్ట్‌లోనే పడతాయి. రాగి పైపు కొసల్ని కెటిల్ అంచు దాటేలా వంచుకోండి.

వర్ట్‌లో నేరుగా ఐసు వద్దు. స్టోరులో కొన్న ఐసు చల్లగా ఉంటుంది కానీ శుభ్రంగా ఉంటుందని ఎవరూ రాసివ్వలేదు. నీళ్లని కాచి, మూతున్న శుభ్రమైన డబ్బాల్లో మీరే గడ్డకట్టించుకుంటే వేరే సంగతి. అప్పుడు ఆ నీళ్ల లెక్క బ్యాచ్‌లో కలుపుకోవాలి.

మక్కకంకి వాసన సంగతి విడిగా రాస్తాను, భోజనానికి పిలుస్తున్నారు.

జవాబు: పాలక్యాన్ (సన్నీవేల్, కాలిఫోర్నియా)

నేను ఇంకా మొదలుపెట్టలేదు, చదువుతున్నానంతే. తెలివితక్కువ ప్రశ్న అయితే క్షమించాలి. పాలు కాచి పొయ్యి మీదే వదిలేస్తాం, వాటంతట అవి గోరువెచ్చగా అయ్యాక తోడు వేస్తాం. ఎవరూ ఐసు పెట్టరు. బీరుకే ఎందుకింత తొందర? అసలు ఇంట్లో కాయడం మన దగ్గర చట్టం ఒప్పుకుంటుందా?

జవాబు: గోదారి బీటీయూ

తెలివితక్కువ ప్రశ్నేం కాదండి, అసలు ప్రశ్న అదే.

పెరుగులో తోడు వేసేది లాక్టిక్ బ్యాక్టీరియానే. గోరువెచ్చని పాలలో ఏది పెరగాలనుకుంటున్నారో దాన్నే గరిటెడు వేసి ఇస్తున్నారు. పులుపు ఎక్కగానే మిగతావి దగ్గరికి రావు. వర్ట్‌లో అదే బ్యాక్టీరియా మనకి శత్రువు. 140 నుంచి 80 డిగ్రీల మధ్య వెచ్చటి తీపి నీళ్లు, ఇంకా పులుపూ లేదు, ఆల్కహాలూ లేదు. ఈస్ట్ వేసేలోపు ఎవరు ముందొస్తే వాళ్లదే. హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) చేదు ఈ లాక్టిక్ బ్యాక్టీరియాని కొంత అణుస్తుంది కానీ, ఎంటరోబ్యాక్టీరియా అనే ఇంకో జాతి ఉంది, దానికి హాప్స్ లెక్క కాదు. దానివల్ల ఉడికిన కూరగాయల వాసన వస్తుంది. పైగా మూత పెట్టి వదిలేసిన కెటిల్ చల్లారేకొద్దీ లోపలి గాలి కుంచించుకుపోయి, బయటి గాలిని సందుల్లోంచి పీలుస్తుంది. ఆ గాలితో దుమ్మూ వస్తుంది.

కరీంనగర్ గారి మక్కకంకి మాత్రం క్రిముల వల్ల కాకపోవచ్చు. పిల్స్‌నర్ మాల్ట్‌ని తక్కువ వేడి మీద ఆరబెడతారు. దాంతో ఎస్‌ఎంఎం అనే పదార్థం ఎక్కువ మిగిలిపోతుంది. వర్ట్ వేడిగా ఉన్నంతసేపూ అది విడిపోయి డీఎంఎస్ అవుతూనే ఉంటుంది. ఆ వాసన డీఎంఎస్‌దే. మరుగుతున్నప్పుడు ఆవిరితో ఎగిరిపోతుంది కాబట్టి తెలియదు. మంట ఆపాక తయారయ్యేది ఆగదు, పోయే దారి మాత్రం మూసుకుపోతుంది. దాని మీద మూత కూడా పెడితే ఆవిరి మూతకి తగిలి, చుక్కలై మళ్లీ లోపలే పడుతుంది. అందుకే పిల్స్‌నర్ మాల్ట్ వేసినప్పుడు 60 కాదు, 90 నిమిషాలు కాచండి, మూత అస్సలు పెట్టకండి. మంట ఆపాక 170 దాకా ఎంత త్వరగా దించితే అంత మంచిది, మీ నల్లా నీళ్లు ఆ పని చక్కగా చేస్తాయి. అక్కణ్ణుంచి మూత కప్పుకోవచ్చు. మామూలు టూ-రో పేల్ మాల్ట్‌తో ఈ బెడద చాలా తక్కువ.

హాప్స్ విషయంలోనూ తేడా వస్తుంది. మంట ఆపాక వేసే హాప్స్ వాసన కోసం వేస్తాం. వర్ట్ 180 పైన ఎక్కువసేపు ఉంటే వాసన ఆవిరైపోతుంది, చేదు మిగుల్తుంది. త్వరగా చల్లారిస్తే ఇంకో లాభం, మాంసకృత్తులు ముద్ద కట్టి అడుగుకి దిగుతాయి. పులుసులో కొట్టిన కోడిగుడ్డు విరిగినట్టు కనిపిస్తుంది కెటిల్‌లో, భయపడకండి. అవి దిగితే ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు బీరు మసకబారదు.

చట్టం సంగతి: 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన దగ్గర్నుంచి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరైతే 100. అమ్మకూడదు. అలబామా, మిసిసిపీలు మాత్రం 2013లో గానీ ఒప్పుకోలేదు. ఇండియాలో వేరే కథ.

జవాబు: ట్యాంక్ నంబర్ 4 (హైదరాబాద్)

ఇండియా కథ నేను చెప్తా. ఇక్కడ తెలంగాణలో లైసెన్స్ లేకుండా కాస్తే నేరం, 1968 నాటి ఎక్సైజ్ చట్టం. అందుకే నేను ఇంట్లో కాయను, ఒక మైక్రోబ్రూవరీలో జీతానికి కాస్తాను.

బీటీయూ అన్న చెప్పిందే మేం పెద్ద సైజులో చేస్తాం. మే నెలలో పైన ట్యాంకులోని నీళ్లే 35 సెల్సియస్ ఉంటాయి. వాటితో వర్ట్‌ని 18కి దించమంటే ఎట్లా? అందుకే మా ప్లేట్ ఎక్స్‌ఛేంజర్‌లో రెండు భాగాలు. మొదటి భాగంలో మామూలు నీళ్లు. అవి వర్ట్ వేడంతా తాగి 75, 80 డిగ్రీలతో బయటికొస్తాయి, వాటిని పారబోయం, తర్వాతి మ్యాష్‌కి దాచుకుంటాం. డీజిల్, కరెంటు రెండూ మిగుల్తాయి. రెండో భాగంలో గ్లైకాల్ (తొందరగా గడ్డకట్టని ద్రవం) చిల్లర్ చల్లబరిచిన నీళ్లు, అవి మిగతా పని చేస్తాయి. గ్లైకాల్‌తోనే మొత్తం చేద్దామంటే కంప్రెసర్ చేతులెత్తేస్తుంది, ఫెర్మెంటర్లని (బీరు పులిసే పాత్రల్ని) చల్లగా ఉంచే పని కూడా దానిదే కాబట్టి.

ప్లేట్ చిల్లర్ వద్దన్న మాటకి నా ఓటు కూడా. మేం ముందు వర్ట్‌ని వర్ల్‌పూల్‌లో సుడి తిప్పి, హాప్స్ మడ్డి అంతా మధ్యలో కుప్పగా కూర్చున్నాకే పక్క నుంచి తీస్తాం. అయినా బ్యాచ్ అయిపోగానే కాస్టిక్ సోడా నీళ్లు వేడి చేసి ప్లేట్లలో తిప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మావి బోల్టులు విప్పి ప్లేట్లు తీయొచ్చు. ఇంటికి అమ్మే చిన్నవాటిని అతికించేస్తారు, విప్పలేరు. లోపల ఒక హాప్ ఆకు ఇరుక్కుని కుళ్లినా మీకు కనపడదు. రాగి కాయిల్ అయితే కళ్ల ముందే ఉంటుంది, కడిగితే తెలుస్తుంది. పచ్చగా చిలుము పట్టిందనిపిస్తే వెనిగర్‌లో నానబెట్టి కడిగేయండి.

జవాబు: యారా ఒడ్డున (మెల్‌బోర్న్)

మేమసలు చల్లార్చమండీ! ఇక్కడ చాలామంది చేసేది నో-చిల్. 2000ల్లో కరవొచ్చి పెరట్లో హోస్ వాడటం మీద కూడా ఆంక్షలు పెట్టినప్పుడు, ఒక్క బ్యాచ్ బీరు కోసం వంద లీటర్ల నీళ్లు వదలడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ అలవాటే ఉండిపోయింది.

20 లీటర్ల హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) క్యాను కొనుక్కోండి, నలుచదరంగా ఉంటుంది, అడుగున 2 అంకె ఉంటుంది. మంట ఆపిన కాసేపటికి, ఇంకా బాగా వేడిగా ఉండగానే సిలికాన్ గొట్టంతో వర్ట్‌ని దాంట్లోకి వదలండి. అంచు దాకా నింపి, పక్కలు నొక్కి గాలి పోగొట్టి మూత బిగించండి. తర్వాత క్యానుని ఒక్కో వైపుకీ కాసేపు పడుకోబెట్టండి. మూతకీ పిడికీ కూడా వేడి వర్ట్ తగలాలి, క్రిములు అలా చస్తాయి. మందపాటి చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయొద్దు. రాత్రంతా గ్యారేజీలో ఉంటే తెల్లారేసరికి ఈస్ట్‌కి సిద్ధం. క్యాను చల్లారి పక్కలు లోపలికి నొక్కుకుపోతే మూత సరిగ్గా పట్టిందన్నమాట.

హాప్స్ లెక్క ఒక్కటే మార్చుకోవాలి. క్యానులో గంటలు వేడిగా ఉంటుంది కాబట్టి ఆఖర్న వేసే హాప్స్ ఇంకో 15, 20 నిమిషాలు కాచినంత చేదు దిగుతాయి. నేను వాసన హాప్స్‌ని కెటిల్‌లో వేయడం మానేశాను, నేరుగా క్యానులోనే వేస్తాను. మక్కజొన్న వాసన నాకెప్పుడూ రాలేదు, పిల్స్‌నర్ మాల్ట్ వేసినా.

జవాబు: గోదారి బీటీయూ

మెల్‌బోర్న్ అమ్మా, పద్ధతి మంచిదే. ఒక్క జాగ్రత్త కలుపుతాను. వర్ట్ పీహెచ్ 5 పైనే ఉంటుంది. గాలి లేని డబ్బా, 4.6 పైన పీహెచ్, గది వేడి. బోట్యులిజం క్రిమికి ఇంతకంటే ఏం కావాలి? దాని బీజాలు మామూలు మరుగుకి చావవు. ఈస్ట్ పని మొదలుపెట్టి పులుపూ ఆల్కహాలూ తెస్తే బెడద తీరిపోతుంది. కాబట్టి మర్నాడే ఈస్ట్ వేసేయాలి. వారాల తరబడి అటక మీద దాచే పని మాత్రం చేయకండి, అలా దాస్తున్నవాళ్లని చూశాను.

చదివేవాళ్లకి ఇంకో మాట: హెచ్‌డీపీఈ అన్నారు కదా అని గాజు కార్బాయ్‌లో (పెద్ద సీసాలో) వేడి వర్ట్ పోయకండి. పగుల్తుంది, 5 గ్యాలన్ల మరిగే పంచదార పాకం కాళ్ల మీద పడుతుంది.

జవాబు: ఆస్టిన్ పిన్ని (ఆస్టిన్, టెక్సాస్)

ఎందుకు నాయనా ఈ పంపులూ ఐసులూ? 95 దగ్గర ఆగిపోతే 95లోనే ఈస్ట్ వేసెయ్. క్వైక్ అని నార్వే పల్లెటూళ్ల ఈస్ట్ ఉంది. మన ఎండలు దానికి పండగ. వాస్ రకం పొడి ప్యాకెట్ దొరుకుతుంది, 95, 100 డిగ్రీల్లో హాయిగా పనిచేస్తుంది, రెండు మూడు రోజుల్లో పులియడం అయిపోతుంది కూడా. కాస్త కమలాపండు వాసన ఇస్తుంది, పేల్ ఏల్‌కి బాగా కుదురుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నేను ఇంకేదీ వేయను. ఫెర్మెంటర్ కోసం వేరే ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, గ్యారేజీలో పెట్టేస్తా.

జవాబు: కరీంనగర్ కెటిల్

అందరికి మస్తు థ్యాంక్స్. పిన్ని గారి క్వైక్ ఆర్డర్ పెట్టిన, వచ్చే బ్యాచ్ దానితోనే. ప్లేట్ చిల్లర్ కొనలే.

శనివారం బీటీయూ అన్న చెప్పినట్లే పంపు పెట్టి చేసిన. కాయిల్ ఆడిస్తుంటే హోస్ వేడెక్కుడు చూసి నాకే నవ్వొచ్చింది, ఇన్ని దినాలు కుర్చేసుకొని కూసున్న కదా అని. నల్లా నీళ్లతోని పావుగంటల 100కి వచ్చింది. ఆడికెల్లి ఐసు నీళ్లు తిప్పితే 66కి ఇంకో ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. చాలు నాకు. గని ఒక డౌటు. కూలర్ల ఐసు ఇంకా సగం తేలుకుంటనే ఉన్నది, పంపు గుంజే నీళ్లు మాత్రం 60 చూపెట్టినయ్. ఐసు ఉన్నంక నీళ్లు ముప్పై చిల్లర ఉండాలె కదా?

ఇంకోటి, అక్టోబర్ల లాగర్ (చల్లగ పులియబెట్టే బీరు) చెయ్యాలనుకుంటున్న. దానికి 50 డిగ్రీలు కావాలె. ఐసు ఇంకెంత తేవాలె?

జవాబు: గోదారి బీటీయూ

రిటర్న్ హోస్ ఎక్కడ పెట్టారు? కూలర్ అడుగున పంపు పక్కనే పడేసి ఉంటారు. కాయిల్‌లోంచి తిరిగొచ్చిన వెచ్చటి నీళ్లు పైనున్న ఐసుని తాకకుండానే మళ్లీ పంపులోకి పోతున్నాయి. ఐసు మానాన ఐసు తేలుతుంది, నీళ్ల మానాన నీళ్లు తిరుగుతాయి. రిటర్న్ కొసని ఐసు మీద పడేలా పైన కట్టండి, పంపు నుంచి దూరంగా, అవతలి మూలకి. నీళ్లు ఐసు ముక్కల మధ్య నుంచే కిందికి దిగాలి. మధ్య మధ్యలో చేత్తో ఒకసారి కలిపినా చాలు. పెద్ద దిమ్మల కంటే చిన్న ముక్కల ఐసు కొనండి, నీళ్లకి తగిలే పైభాగం ఎక్కువ.

పంపు కూడా చూసుకోండి. గంటకి ఇన్ని గ్యాలన్లు అని డబ్బా మీద పెద్దక్షరాల్లో రాస్తారు, అది ఏ గొట్టమూ తగిలించనప్పటి మాట. 3/8 అంగుళం కాయిల్ 25 అడుగుల పొడవున నీళ్లకి బాగా అడ్డం తగుల్తుంది. పక్కన చిన్నక్షరాల్లో హెడ్ (నీళ్లని ఎంత ఎత్తుకి తోయగలదో) ఎన్ని అడుగులో ఉంటుంది, అది కనీసం పది ఉండాలి. మూడు నాలుగు అడుగుల ఫౌంటెన్ పంపు పెడితే కొసలో చుక్క చుక్కగా కారుతుంది.

లాగర్‌ని కెటిల్‌లోనే 50కి దించాలని చూడకండి. ఐసు నీళ్లకీ వర్ట్‌కీ తేడా తగ్గేకొద్దీ మళ్లీ మొదటి కథే, బ్యాగుల మీద బ్యాగులు తెస్తూనే ఉంటారు. 65, 70 దాకా దించి, శానిటైజ్ చేసిన ఫెర్మెంటర్‌లోకి మార్చి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. టెంపరేచర్ కంట్రోలర్ 50 మీద పెట్టండి. తెల్లారాక థర్మామీటర్ 50 చూపిస్తేనే ఈస్ట్ వేయండి, దానికి ముందు ఫెర్మెంటర్‌ని బాగా కుదిపి గాలి కలపండి. చల్లటి వర్ట్ ఆక్సిజన్‌ని ఎక్కువ పట్టుకుంటుంది. ఈ ఒక్క రాత్రి ఆలస్యం వల్ల ఏం కాదు. 70 నుంచి మొదలై చల్లబడుతున్న వర్ట్ వేరు, మీరు ఇంతకుముందు ప్యాటియో మీద 95లో రాత్రంతా వదిలేసింది వేరు. డబ్ల్యూ-34/70 అనే లాగర్ ఈస్ట్ వాడేటట్టయితే 5 గ్యాలన్లకి రెండు ప్యాకెట్లు వేయండి, ఆ చలిలో ఒకటి చాలదు.